యాభై ఏళ్లకి బ్యాట్ పట్టుకున్న తమ్ముడికి

తమ్ముడూ,

నిన్న మరదలు ఫోన్ చేసింది. బేస్‌బాల్‌లాగా ఆడే ఆ సాఫ్ట్‌బాల్ ఆటలో, పెద్ద వయసువాళ్ల సీనియర్ లీగులో పేరిచ్చావట. బ్యాట్ కూడా కొనేశావట. పైగా పిచ్చింగ్, అంటే బ్యాటర్‌కి బంతి వెయ్యడం, నేనే చేస్తానని కెప్టెన్‌కి ముందే చెప్పిపెట్టావట. మొదటి రెండు మాటలకీ నాకు ఎంత సంబరం కలిగిందో! నువ్వు ఆ కుర్చీలోంచి లేచి నాలుగడుగులు ఎండలోకి వస్తే చాలని ఎన్నాళ్లుగా దేవుడికి మొక్కుకుంటున్నానో నీకేం తెలుసు. మూడో మాటకి మాత్రం రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. ఫోన్ చేస్తే "సరే అక్కా, సరే అక్కా" అంటూ లాప్‌టాప్ చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ముందు తేలిక సంగతులు. నీకు డిసెంబరులోగానీ యాభై నిండవని భయపడక్కర్లేదు. టోర్నమెంట్లలో సాధారణంగా ఆ ఏడాది డిసెంబరు 31 లోపు నిండితే చాలు, ఏడాదంతా 50 ప్లస్ విభాగంలో ఆడొచ్చు. వయసు రుజువు కోసం లైసెన్స్ బ్యాగులో పెట్టుకో. బూట్లు రబ్బరు స్పైకులవి కొను, ఇనుపవి వద్దు. గ్లవ్ ఎడమచేతికి, పన్నెండున్నర అంగుళాలది సరిపోతుంది. కొత్త గ్లవ్ చెక్కలా ఉంటుంది, టీవీ చూస్తున్నంతసేపూ చేతికి తొడుక్కుని బంతి పడేస్తూ ఉండు. నీళ్ల సంగతి మరదలు చూసుకుంటుంది.

బ్యాట్ మాత్రం అంత తొందరపడి కొనాల్సింది కాదు. రెండు వారాలు అందరివీ అడిగి ఆడి చూస్తే నీ చేతికి ఏ బరువు పడుతుందో తెలిసేది. సరే, కొన్నావు. దాని మీద 1.21 అని ముద్ర ఉందేమో చూడు. ఉంటే అది సీనియర్ బ్యాట్. మామూలు బ్యాట్ల కంటే బంతిని ఎక్కువ వేగంగా తోస్తుంది. మన వయసువాళ్ల భుజాల్లో బలం తగ్గిందని ఆ వెసులుబాటు ఇచ్చారు. మీ ఆఫీసు కుర్రాళ్ల లీగుకి దాన్ని పట్టుకెళ్లకు, అక్కడ ఒప్పుకోరు. చలిగా ఉన్న రోజుల్లో కూడా బయటికి తీయకు, ఫైబర్ పొరలతో చేసిన ఈ కాంపోజిట్ బ్యాట్లు పగులుతాయి. ఆ 1.21 సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

నువ్వు క్రికెట్ ఆడినవాడివి. అది నీకు సగం బలం, సగం గండం. క్యాచ్‌లు పడతావు, దూరం నుంచి విసరగలవు, సంతోషం. కానీ బంతి కొట్టగానే బ్యాట్ చేత్తో పట్టుకుని పరుగెడతావు చూడు, మొదటి నెలంతా అందరూ "బ్యాట్ వదిలెయ్!" అని అరుస్తూనే ఉంటారు. వదలడమంటే విసరడం కాదు, పక్కన పడెయ్యడం. వెనక్కి గ్లాన్స్ కొడితే ఫోర్ రాదు, ఫౌల్ వస్తుంది, అంటే గీత బయటికి పోయిన చెల్లని దెబ్బ. స్ట్రైకంటే బ్యాటర్ లెక్కలో పడే తప్పు, మూడైతే అవుట్; రెండు స్ట్రైకులయ్యాక ఫౌల్ కొడితే చాలాచోట్ల అవుటే. మరీ ఘోరమైనది ఇంకోటుంది. నువ్వు ఫస్ట్ బేస్ మీద, అంటే పరుగెత్తి చేరాల్సిన మొదటి మజిలీ మీద, నిలబడి ఉండగా వెనకాయన నేలమీద బంతి కొడితే, క్రికెట్‌లోలాగా "నో" అని చెయ్యి చూపించి ఆగడానికి లేదు. నీ బేసు ఆయనకిచ్చి నువ్వు సెకండ్‌కి పోవాల్సిందే. గాల్లోకి కొడితే మాత్రం తొందరపడకు. వాళ్లు క్యాచ్ పట్టేలోపు బేస్ వదిలి ఉంటే వెనక్కి వచ్చి తాకాలి. ఇవి పుస్తకంలో చదివితే ఒంటికి పట్టవు. మొదటి రెండు ఆటలు బెంచీ మీద కూర్చుని చూడు, పక్కన ముసలాయనెవరైనా ఉంటే విసుక్కోకుండా అన్నీ చెప్తాడు.

బ్యాటింగ్‌లో ఒక్కటే సలహా. ఆగు. బంతి నీ మీదకి దూసుకురాదు, పైనించి దిగుతుంది. ఆరడుగులకు తగ్గకుండా, పన్నెండు అడుగులు మించకుండా గాల్లోకి లేచి వస్తుంది. ఫాస్ట్ బౌలింగ్ ఆడిన కళ్లకి అది ఎప్పటికీ రాదనిపిస్తుంది. అందుకే క్రికెట్‌వాళ్లంతా ముందే ఊపేసి, సులువుగా క్యాచ్ దొరికేలా గాల్లోకి పాప్-అప్ కొడతారు. వెనక కాలి మీద బరువు ఉంచుకుని, ఊపాలనిపించిన క్షణం తర్వాత ఇంకో క్షణం ఆగు. నువ్వు బ్యాట్ పట్టుకుని నిలబడేచోట నేలమీద ఉండే హోమ్ ప్లేటు వెనక ఒక చాప లాంటిది పరిచి ఉంటుంది. ఆ ఎత్తుల మధ్య వచ్చిన బంతి దాని మీద పడితే స్ట్రైకే, నువ్వు "ఎత్తుగా వచ్చింది" అని అంపైర్‌తో వాదించకు.

పరుగు గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. నేను చూసినంతలో సీనియర్ ఆటలో మనుషులు ఎక్కువగా దెబ్బతినేది బంతి వల్ల కాదు, ఫస్ట్ బేస్‌కి చేసే ఆ మొదటి పరుగు వల్ల. కారు దిగుతారు, నాలుగు బంతులు విసురుకుంటారు, అరగంట బెంచీ మీద కూర్చుంటారు. తర్వాత ఒక్కసారిగా ఇరవై ఏళ్ల కుర్రాడిలా పరుగెత్తుతారు. తొడ వెనక కండరం పట్టేస్తుంది, లేదా పిక్క. మడమ వెనక కండరాన్ని ఎముకకి కట్టి ఉంచే తాడు తెగినవాళ్లనీ చూశాను. ఆటకి అరగంట ముందు వెళ్లు. నిలబడి సాగదీయడం కాదు, మెల్లగా నడువు, మోకాళ్లు ఎత్తుతూ నడువు, సగం వేగంతో పరుగెత్తు, తర్వాత ముప్పావు వేగం. నీ వంతుకి ముందు డగౌట్ (టీమ్ కూర్చునే చోటు) బయట మళ్లీ కాళ్లాడించు. ఫస్ట్ బేస్ పక్కన నారింజ రంగు బేసు ఇంకోటి ఉంటుంది, నీది అదే. తెల్లది ఫీల్డర్‌ది. ఇద్దరూ గుద్దుకోకుండా పెట్టిన ఏర్పాటు. దాని మీదుగా ముందుకి వెళ్లిపోవచ్చు, ఆగక్కర్లేదు. హోమ్ దగ్గరా అంతే, చాలా లీగుల్లో పరుగెత్తేవాడికి పక్కన వేరే ప్లేటు ఉంటుంది. కాలు పట్టేసినట్టు అనిపిస్తే బదులు రన్నర్‌ని అడుగు. ఈ ఆటలో అది తప్పు కాదు, రూలే. నాకు పరువు తక్కువ అని నువ్వు అంటావని నాకు తెలుసు. పరువు ఎక్కడికీ పోదు, ఆరు వారాలు కుంటుకుంటూ తిరగడం మాత్రం మిగులుతుంది.

ఇక పిచ్చింగ్.

ఒక లెక్క చెప్తాను. పిచ్చర్ నిలబడేది బ్యాటర్‌కి యాభై అడుగుల దూరంలో. బ్యాట్‌కి తగిలిన బంతి గంటకి వంద మైళ్ల వేగంతో వెనక్కి వచ్చిందనుకో. అంటే సెకనుకి దాదాపు 147 అడుగులు. నీ ముఖం దాకా రావడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. ఆ 1.21 ముద్ర ఉన్న బ్యాట్లు ఉన్నది ఆ వేగం కోసమే. నువ్వు బంతి వేశాక చెయ్యి ఇంకా ముందుకి చాపి ఉంటుంది, ఒళ్లు ముందుకి వంగి ఉంటుంది. ఆ మూడో వంతులో నువ్వు చూడాలి, అర్థం చేసుకోవాలి, గ్లవ్ ఎత్తాలి.

మా టీమ్‌లో ఒకాయన ఉండేవారు. రిటైరైన సైన్స్ టీచర్. అంత చక్కగా బంతి వేసేవాళ్లని నేను మళ్లీ చూడలేదు. చాప చివర అంచు మీద, కావాలంటే ఎడమ మూల, కావాలంటే కుడి మూల, పెట్టినట్టు పడేది. బంతి తగలకుండా ముఖానికి పెట్టుకునే మాస్క్ కూడా మంచిదే కొన్నారు. కానీ ఆయనకి కళ్లజోడు. ఎండాకాలం సాయంత్రాల్లో మాస్క్ లోపల చెమటకి అద్దాలు మసకబారేవి. ఇన్నింగ్స్ మధ్యలో తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకునేవారు. ఆ రోజు ఆఖరి ఇన్నింగ్స్. రెండు అవుట్లు అయిపోయాయి. ఇంకొక్కరే. మాస్క్ తీసి తువ్వాలుతో పాటు ఫెన్స్‌కి తగిలించి, ఉత్త ముఖంతో వచ్చి నిలబడ్డారు. ఒక్క బ్యాటరే కదా అనుకుని ఉంటారు. అంతటి ఆటగాడు, మేం చెప్పేదేముందని ఎవరూ ఏమీ అనలేదు.

నేను సెకండ్ బేస్‌లో ఉన్నాను, అంటే ఆయన వీపు నాకు కనిపిస్తోంది. బంతి మామూలుగానే లేచి, మామూలుగానే దిగింది. తర్వాత రెండు చప్పుళ్లు వినిపించాయి. మొదటిది బ్యాట్‌ది. రెండోది ఏమిటో అర్థమయ్యేలోపే ఆయన మోకాళ్ల మీద ఉన్నారు. గ్లవ్ పొట్ట దాకా కూడా లేవలేదు. నేను వెళ్లి తల పట్టుకున్నాను. కళ్లజోడు ఫ్రేము వంగిపోయి చెంపకి అతుక్కుని ఉంది, ఒక అద్దం లేదు. ఆయన స్పృహలోనే ఉండి "అవుటయ్యాడా?" అని అడుగుతున్నారు. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ అదే ప్రశ్న.

చెంప ఎముక, కంటి చుట్టూ ఎముక విరిగాయి. ఆపరేషన్ చేసి లోహపు ప్లేట్లు వేశారు. కన్ను దక్కింది, దేవుడి దయ. కానీ చాలాకాలం ప్రతీదీ రెండుగా కనిపించేది, కారు నడపలేకపోయారు. తర్వాత వచ్చి స్కోరు రాసేవారు కానీ మళ్లీ బంతి వేయలేదు. బంతి కొట్టినాయన సంగతి ఎవరూ తలుచుకోరు. ఆయన తప్పేం లేదు, న్యాయంగా కొట్టాడు. అంబులెన్స్ వెళ్లాక కూడా డగౌట్‌లో తల పట్టుకుని కూర్చుండిపోయాడు. ఆయనా ఆట మానేశాడు. మాస్క్ నీ ఒక్కడి కోసమే కాదురా. నీకు ఎదురుగా బ్యాట్ పట్టుకుని నిలబడే మనిషి కోసం కూడా.

అందుకని చెప్తున్నాను. ప్రాక్టీసైనా సరే, ఒక్క బంతైనా సరే, మాస్క్ లేకుండా పిచ్చర్ నిలబడే ఆ రబ్బరు పట్టీ మీద కాలు పెట్టకు. అద్దాలు మసకబారితే ఆటలకి వాడే కళ్లజోడు, మసకపట్టనిది, చేయించుకో. నోటికి గార్డ్, కాళ్లకి షిన్ గార్డ్స్ కూడా కొను, బంతి కిందకీ వస్తుంది. వేసిన వెంటనే మూడు నాలుగు అడుగులు వెనక్కి వెయ్యి, గ్లవ్ ఛాతీ ఎత్తులో తెరిచి పెట్టు. ఇది తలుచుకుని చేసేది కాదు, అలవాటు కావాలి. ఇంటి వెనక ఖాళీగా నిలబడి బంతి లేకుండానే చెయ్యి. కొన్ని లీగుల్లో పిచ్చర్ ఆరడుగులు వెనకనుంచి కూడా వేయొచ్చు, మీ దగ్గర వీలుంటే వెనకనుంచే వెయ్యి. ముందు వల కట్టే లీగులూ ఉన్నాయి, కడితే దాని వెనక్కి జరుగు. ఇంకోటి, నీది క్రికెట్ చెయ్యి. సూటిగా వచ్చేదానికి ఉత్త కుడిచెయ్యి అడ్డం పెడతావు. వేళ్లు విరుగుతాయి. వద్దు.

నువ్వు దెబ్బ తగిలితే చెప్పవు. అదే నా భయమంతా. నాకు పెళ్లి కాకముందు, మన వీధిలో ఆడుతూ కనుబొమ్మ చీరుకుని వచ్చావు గుర్తుందా? బోరింగ్ దగ్గర జారిపడ్డానని నాన్నకి చెప్పావు. రక్తం చొక్కా మీద కారుతుంటే కూడా "ఏం లేదు, ఏం లేదు" అన్నావు. కుట్లు వేసేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నావు, గోళ్లు దిగేలాగా. అప్పుడు పన్నెండేళ్లవాడివి, ముద్దొచ్చింది. ఇప్పుడు అలా చేస్తే నేను ఊరుకోను.

నాన్న యాభై ఎనిమిదికే గుండెతో పోయారు. నువ్వు బీపీ మాత్రలు వేసుకుంటున్నావు. లీగు మొదలవకముందే డాక్టర్‌కి చూపించుకుని, ఫలానా ఆట ఆడబోతున్నాను, మా నాన్నకి ఇలా అయింది అని నోరు తెరిచి చెప్పు. ఏ టెస్టు కావాలో ఆయన నిర్ణయిస్తాడు. ఆడుతుండగా ఛాతీ బిగబట్టినట్టున్నా, దవడో ఎడమచెయ్యో లాగినా, మామూలుకి మించి ఆయాసం వచ్చినా, చల్లని చెమట పట్టినా ఇన్నింగ్స్ పూర్తి చేద్దామనుకోకు. కూర్చో, పక్కవాడికి చెప్పు, ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చెయ్యమను. నువ్వే కారు నడుపుకుంటూ ఇంటికి పోకు. మొదటిరోజే ఆ పార్కులో ఏఈడీ, అంటే గుండె ఆగితే షాకిచ్చే యంత్రం, ఎక్కడుందో అడిగి తెలుసుకో. మీ టీమ్‌లో రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు తప్పకుండా ఉంటారు. వాళ్లలో ఎవరి తలకైనా బంతి తగిలితే బాగానే ఉన్నామన్నా ఎమర్జెన్సీకి పంపించండి.

ఇంత చదివాక భయపడి మానేస్తావేమో. మానకురా. నేను అరవైకి దగ్గరపడ్డాను, ఇంకా ఆడుతున్నాను. ఫ్లోరిడాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిడ్స్ అండ్ కబ్స్ అని ఒక క్లబ్బుంది, 1930 నుంచి నడుస్తోంది. డెబ్బై ఐదేళ్లు నిండినవాళ్ల కోసమని దాన్ని మొదలుపెట్టారు. ఆ లెక్కన నీ ముందు ఎంత ఆట ఉందో చూసుకో. నేను హైస్కూల్ టీమ్‌లో ఆడేటప్పుడు స్కూలు గ్లవ్ తల మీద పెట్టుకుని నా వెనకాల గ్రౌండుకి నడిచొచ్చేవాడివి. ఐదారేళ్లుంటాయి నీకు. బంతి కాలువలో పడితే నువ్వే దిగి తెచ్చేవాడివి, ఆట మాత్రం నిన్ను ఆడనిచ్చేవాళ్లం కాదు. ఆడపిల్లల ఆట అని నిన్ను మీ స్నేహితులు ఏడిపించినా రావడం మానలేదు. ఇన్నేళ్లకి ఆ ఆటే నువ్వు ఆడుతున్నావంటే నాకెలా ఉందో రాయలేకపోతున్నాను.

మాస్క్ నేనే కొని పంపుతున్నాను, శుక్రవారానికి అందుతుంది. తల చుట్టుకొలత మరదలి చేత కొలిపించాను, సైజు సరిపోకపోతే అదే రోజు చెప్పు, మార్పిస్తాను. దాన్ని పెట్టుకుని ఒక ఫోటో పంపు. మొదటి ఆట ఏ రోజో, ఏ ఫీల్డో రాయి. మీ బావ అప్పుడే టికెట్లు చూస్తున్నారు.

అక్క