సీఎస్ఆర్ ఉద్యోగంలో చేరుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

సిమెంటు ఫ్యాక్టరీలో సీఎస్ఆర్ ఉద్యోగం, అంటే కంపెనీ లాభంలో కొంత ఊళ్ల మేలుకు ఖర్చుపెట్టే పని, వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం తల్లీ. అలాంటి ఫ్యాక్టరీలోనే ఇరవై రెండేళ్లు పనిచేశాను. అప్పుడు మేము చేసిన పొరపాటు నువ్వు చేయకూడదని రాస్తున్నాను.

ఒక ఊళ్లో తాగునీళ్లు శుద్ధిచేసే ఆర్వో ప్లాంటు పెట్టాం. రిబ్బన్ కత్తిరించారు, ఫోటోలు తీశారు. పంచాయతీని మాత్రం ఎవరమూ అడగలేదు. రెండేళ్లకు నీళ్లు వడగట్టే మెంబ్రేన్లు పోయాయి, మార్చడానికి ఆ ఏడాది బడ్జెట్ లేదు. ఆడవాళ్లు ఖాళీ క్యాన్లతో మా గేటు ముందు నిలబడ్డారు. సర్పంచ్‌ని అడిగితే "కంపెనీ పెట్టింది, కంపెనీనే అడగండి" అన్నాడట. ఆయన్ని తప్పుపట్టలేను. పంచాయతీలకు అప్పగించదగ్గ పనులంటూ రాజ్యాంగం 11వ షెడ్యూల్లో ఉన్నవాటిలో తాగునీరు ఒకటి. ఆ పని మేమే చేతుల్లోకి తీసుకున్నాం. సర్పంచ్ నచ్చకపోతే ఊరు ఓటేసి మార్చుకుంటుంది, ఫ్యాక్టరీ మేనేజర్‌ని మార్చలేదు కదా!

అందుకే ఏ పనికైనా ముందు గ్రామసభలో తీర్మానం చేయించు. మరమ్మతులు ఎవరు చూస్తారో, నెలకు ఎంతవుతుందో, ఆ డబ్బు ఎక్కడినుంచి వస్తుందో కాగితం మీద రాయించాకే మొదటి రూపాయి ఖర్చుపెట్టు.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సీఎస్ఆర్‌కి పెట్టాలి. కంపెనీ మామూలు వ్యాపారంలో భాగమైన పనులు ఈ లెక్కలోకి రావు. చిమ్నీ దుమ్ము ఆపే ఫిల్టర్ల ఖర్చు నీ పద్దులో రాయమని ఎవరైనా అడిగితే ఒప్పుకోకు. పొలాల మీద దుమ్ము పడకుండా చూసుకోవడం ఫ్యాక్టరీ ఎలాగూ చేయాల్సిన పని.

ఇంకొకటి నాకు చాలా ముఖ్యం అనిపిస్తుంది. కుమ్మక్కై ధరలు పెంచారని 2012లో కాంపిటీషన్ కమిషన్ (కంపెనీల మధ్య పోటీ సరిగా ఉందో లేదో చూసే ప్రభుత్వ సంస్థ) 11 సిమెంటు కంపెనీలకు మొత్తం 6,000 కోట్లకు పైగా జరిమానా వేసింది. 2015లో అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఆ ఉత్తర్వు కొట్టేస్తే, 2016లో కమిషన్ మళ్లీ జరిమానా వేసింది. నిజంగా అలా కుమ్మక్కైతే అప్పు చేసి రెండు గదులు కట్టుకునే మనిషి బస్తా బస్తాకీ ఎక్కువ కడతాడు. ఆ డబ్బులోంచి బడికి బెంచీలు కొనిచ్చి దానం అనడం నాకు అన్యాయంగా ఉంటుంది. ధరలు నీ చేతిలో ఉండవు, తెలుసు. మీటింగులో ఈ మాట వస్తే మాత్రం నోరు మూసుకుని కూర్చోకు.

చేరిన మొదటి వారంలోనే పంచాయతీ ఆఫీసుకు వెళ్లు, కంపెనీ కారులో కాదు, బస్సులో. పాత తీర్మానాల పుస్తకం చూపించమని అడుగు. దసరాకి వచ్చినప్పుడు అందులో ఏమేం ఉన్నాయో నాకు చెప్పాలి.

మామయ్య