లండన్ పీజీ కంటే ముందు ఉద్యోగం

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ చివరి సంవత్సరం చదువుతోంది. ప్రభుత్వాలు, కంపెనీలు, స్వచ్ఛంద సంస్థలను ఒకచోటికి తెచ్చి పేద దేశాల ఆరోగ్యం కోసం పనిచేసే ఉద్యోగం చేస్తానంటోంది. అందుకు లండన్‌లో ఇంటర్నేషనల్ డెవలప్‌మెంట్ పీజీ చేయాలట. ఇల్లు తాకట్టు పెట్టి అప్పు తేవాలి. అసలు ఇలాంటి ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక తండ్రి, కర్నూలు

జవాబు: ఉంటాయండి. ఆ పని ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లో తయారైన రోటావాక్ కథ చాలు. పసిపిల్లల ప్రాణాలు తీసే ఒక రకం విరేచనాలను అడ్డుకునే చుక్కల మందు అది. దానికి ఆధారమైన వైరస్‌ను 1980ల్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం గుర్తించింది. అది సోకిన శిశువులకు విరేచనాలు కాలేదు, అందుకే అది టీకాకు పనికొచ్చింది. అక్కడి నుంచి టీకా దాకా రావడానికి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం, అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థలు, స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ, పాత్ అనే స్వచ్ఛంద సంస్థ, గేట్స్ ఫౌండేషన్, భారత్ బయోటెక్ కలిసి పనిచేశాయి. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది శిశువులతో ట్రయల్ జరిగింది. 2016లో ఈ చుక్కలు ముందుగా వేసిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం వచ్చింది. అది ఉంటేనే యునిసెఫ్ ఇతర దేశాల కోసం టీకాలు కొంటుంది.

ఇంతమంది కలిస్తే ఎవరి లెక్క వాళ్లకుంటుంది. ట్రయల్ ఖర్చు ఎవరు భరించాలి? పేటెంటు ఎవరిది? ధర ఎంత? డోసు ఒక డాలరుకే ఇస్తామని టీకా తయారుచేసే భారత్ బయోటెక్ మాటిచ్చింది. ఇలాంటి మాటను ఒప్పందంలో రాయించడం, ఏళ్ల తరబడి అందరినీ ఆ మాట మీద నిలబెట్టడం, మధ్యలో అధికారి మారితే మళ్లీ మొదటి నుంచి వివరించడం... మీ అమ్మాయి కోరుకుంటున్న ఉద్యోగం ఇదే. ఎంతో ఓపిక కావాలి. ఇలాంటి పని మీద మనసు పెట్టిన అమ్మాయిని చూస్తే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

కానీ ఇప్పుడే ఇల్లు తాకట్టు పెట్టకండి. ఎదుటివాళ్ల ఇబ్బంది లోపలి నుంచి తెలిసినవాళ్లకే ఈ రంగంలో విలువ. టెండరు ఎలా పిలుస్తారో, ఫ్యాక్టరీలో ఒక బ్యాచ్ ఎందుకు ఆగిపోతుందో తెలియకుండా డెవలప్‌మెంట్ సిద్ధాంతాలు మాత్రమే చదివొస్తే, తిరిగొచ్చాక ఫ్రెషర్‌గానే మిగులుతుంది. అప్పు టెన్షన్ అదనం.

బీఫార్మసీ ఆమెకు పెద్ద బలం. టీకాల కంపెనీలో రెగ్యులేటరీ (అనుమతులు చూసే) లేదా క్వాలిటీ విభాగంలో రెండేళ్లు చేయనివ్వండి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు పంపే ఫైళ్లు ఎలా తయారవుతాయో అక్కడే తెలుస్తుంది. తర్వాత పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేయొచ్చు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనూ, ముంబై టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్)లోనూ ఆ కోర్సు ఉంది. విదేశానికే వెళ్లాలనుకుంటే, పని అనుభవం ఉన్నవాళ్లకు స్కాలర్‌షిప్ అవకాశాలు మెరుగ్గా ఉంటాయి.

కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక బాధ్యత) విభాగాలు కూడా చూడమనండి. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు సగటు లాభంలో కనీసం 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు చేయాలి కాబట్టి, స్వచ్ఛంద సంస్థలతో, ప్రభుత్వంతో మాట్లాడగలిగే మనుషులు వాళ్లకు అవసరం. మొదట్లో జీతం ఫార్మా ఉద్యోగాల కంటే తక్కువే రావచ్చు. ఐక్యరాజ్యసమితి ఉద్యోగాలు చాలావాటికి అనుభవం అడుగుతారు, కాబట్టి అది తర్వాతి మెట్టు.

ఈలోగా ఫ్రెంచ్ మొదలుపెట్టమనండి. ఆఫ్రికాలో చాలా దేశాల ఆరోగ్య శాఖలతో మాట్లాడాలంటే ఆ భాష కావాలి.