వార్డులో సిద్ధాంతానికి చోటెక్కడ?

ప్రశ్న: నేను బరంపురంలో బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాను. నైటింగేల్ మొదలుకొని ఓరెమ్, రాయ్, వాట్సన్ వరకు నర్సింగ్ పండితుల సిద్ధాంతాలన్నీ పరీక్ష కోసం బట్టీ పడుతున్నాము. క్లినికల్ పోస్టింగుకు వెళితే మందులివ్వడం, బీపీ చూడటం, చార్టు నింపడం తప్ప వాటి ఊసు ఎవరూ ఎత్తరు. ఇవి నిజంగా పనికి వస్తాయా?
— ఒక విద్యార్థిని, పర్లాకిమిడి

జవాబు: మీ ఫిర్యాదులో న్యాయం ఉంది. పేర్లు, సంవత్సరాలు అప్పజెప్పించుకొని వదిలేస్తే ఏ సిద్ధాంతమైనా బరువుగానే తోస్తుంది. అయితే డాక్టరు రాసిన చీటీ ఏ మందు ఎన్ని గంటలకు ఇవ్వాలో చెబుతుంది గాని, ఆ రోగి తనంతట తాను ఏమి చేసుకోగలడో, ఏమి చేసుకోలేడో, ఆ లోటును ఎవరు ఎంతమేరకు పూడ్చాలో చెప్పదు. అది నర్సు తేల్చుకోవలసిన విషయం. తగిన బలం, సంకల్పం, తెలివిడి ఉంటే రోగి తానే చేసుకొని ఉండే పనులలో అతనికి తోడ్పడటం, వీలైనంత త్వరగా ఆ తోడ్పాటు అక్కరలేకుండా చేయడం నర్సు పని అని వర్జీనియా హెండర్సన్ నిర్వచించారు. డొరొతియా ఓరెమ్ 1971లో వెలువరించిన గ్రంథంలో స్వీయ సంరక్షణ లోటును కేంద్రంగా పెట్టుకొని, నర్సు అన్నీ తానే చేయవలసిన దశ, రోగితో పంచుకొని చేయవలసిన దశ, నేర్పి అండగా నిలవవలసిన దశ అని మూడు విధానాలు చూపారు.

పక్షవాతంతో కుడివైపు పడిపోయిన ఒక రైతును ఊహించుకోండి. మొదటి రోజులలో అతనికి ఒళ్లు తుడవడం, పక్కకు తిప్పడం అన్నీ నర్సు చూడవలసిందే. స్పృహ కుదిరి, మింగడం సరిగా ఉందని తేలాక కూడా ఇంటివారు ప్రేమకొద్దీ అన్నం ముద్దలు నోట పెడుతూనే ఉంటారు. అది మన వైపు ఏ వార్డులోనైనా కనిపించే దృశ్యమే. ఓరెమ్‌ను అర్థం చేసుకొని చదివిన నర్సు అక్కడ ఆగి, కంచం అతని ఎడమచేతికి అందేలా జరిపి, తినడం అతనికే వదిలి, పక్కన నిలబడి చూస్తుంది. చార్టులో ‘ఆహారం ఇవ్వబడింది’ అని రాసే బదులు ‘ఎడమచేత్తో సగం తానే తిన్నాడు’ అని రాస్తుంది. మరునాటి ప్రణాళిక ఆ వాక్యం నుంచే మొదలవుతుంది.

ఇక శాస్త్రం సంగతి. ఎటు చూడాలో సిద్ధాంతం చెబుతుంది. చేస్తున్న పని ఫలిస్తున్నదా లేదా అన్నది కొలిచి తేల్చుకోవాలి. మంచాన పడ్డవారి నడుము దిగువన చర్మం ఎర్రబడితే స్పిరిటుతో గట్టిగా రుద్దడం ఒకప్పుడు మంచి నర్సింగ్ అనిపించుకుంది. అప్పటికే దెబ్బతిన్న కణజాలం ఆ రాపిడితో మరింత నలుగుతుందని గ్రహించాక ఆ అలవాటును తప్పుగా లెక్కిస్తున్నారు. ఇప్పుడు స్పర్శ, తేమ, నడక, కదలిక, పోషణ, రాపిడి అనే ఆరు అంశాలకు మార్కులు వేసే బ్రేడెన్ కొలమానం ఉంది. మొత్తం 6 నుంచి 23 వరకు ఉండే ఆ లెక్కలో 18 లేదా అంతకు తగ్గితే పుండు పడే ప్రమాదం ఉన్నట్టు భావించి జాగ్రత్తలు మొదలుపెడతారు. నైటింగేల్ కూడా, చెడుగాలి వల్లే రోగాలు వస్తాయన్న తప్పు భావనతో ఉన్న కాలంలోనే, శుభ్రత, గాలి, వెలుతురు కోసం పట్టుబట్టి, సైనికులలో గాయాలకన్నా రోగాల వల్లే ఎక్కువమంది చనిపోతున్నారని అంకెలతో చూపించారు. ఆమె వివరణ నిలవలేదు, లెక్క నిలిచింది.

అన్ని సిద్ధాంతాలూ ఒకే తూకానివి కావని కూడా ఒప్పుకుందాం. మనిషినీ పరిసరాలనూ శక్తి క్షేత్రాలుగా చూడాలన్న మార్తా రోజర్స్ మాటను వార్డులో ఎలా పరీక్షించాలో నాకు నేటికీ బోధపడలేదు. రోగి సంస్కృతికి తగినట్టు సేవ ఉండాలన్న మడలీన్ లైనింగర్ అలా కాదు. గజపతి జిల్లా కొండల నుంచి సవర బాలింతను తీసుకువస్తే, ఆమె ఆచారాలలో దేనిని అలాగే ఉండనివ్వాలి, దేనిని సర్దుబాటు చేయాలి, దేనిని నచ్చజెప్పి మాన్పించాలి అని లైనింగర్ మాటను అనుసరించి మూడుగా విడదీసి ఆలోచించగల నర్సు అక్కడ తప్పక కావాలి.

ప్రశ్న: షుగరు ఎక్కువై ఆసుపత్రిలో చేరిన మా అమ్మకు రోజూ ఉదయం 20 యూనిట్ల ఇన్సులిన్ రాశారు. చివరి రెండు రోజులు నర్సు సూది వేయకుండా అమ్మ చేతే వేయించింది. ఇది బద్ధకం కాదా?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: నర్సు పక్కన నిలబడి చూసి ఉంటే బద్ధకం కాదు, పైన చెప్పిన మూడో విధానం అదే. ఇంటికి వచ్చాక సూది వేసుకోవలసింది మీ అమ్మగారే. ‘అర్థమైందా’ అని అడిగితే పెద్దవాళ్లు మొహమాటానికి తల ఊపుతారు, పైగా నర్సు ఒడియాలోనూ మీ అమ్మగారు తెలుగులోనూ మాట్లాడుకున్నప్పుడు ఆ తల ఊపడాన్ని అసలే నమ్మలేము. అందుకే చేసి చూపించమని అడగడం సరైన పద్ధతి.

మీరు చూడవలసిన ముఖ్య విషయం సిరంజి. మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్లుండే దానికి నారింజ మూత సిరంజి వాడాలి. 40 యూనిట్ల సీసా నుంచి నారింజ మూత సిరంజితో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. తారుమారై 100 యూనిట్ల సీసా నుంచి ఎర్ర మూత సిరంజితో అదే గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్లి చక్కెర ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. మందుల షాపులో సీసా మీది అంకె, సిరంజి మూత రంగు రెండూ సరిపోల్చి కొనండి. సూది వేసే చోటును ప్రతిరోజూ వేలెడు దూరం జరపమనండి. మీ ఎదుట ఒకసారి 20 గీత దాకా లాగి చూపించమనండి. తడబడితే డిశ్చార్జి కాగితంతో అదే వార్డుకు వెళ్లి, తెలుగు వచ్చిన నర్సు చేత మళ్లీ నేర్పించమని అడగండి.