కంపెనీ ఎయిర్ బాక్సా, కోన్ ఫిల్టరా?

టర్బో కార్ల ఎయిర్ ఇన్‌టేక్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే దారి) మీద పాఠకులు అడిగినవన్నీ ఈసారి ఒకచోట చేర్చాం.

ప్రశ్న: నాది 1.4 లీటర్ల టర్బో పెట్రోల్ కారు. ఇంజిన్‌లో ఏమీ మార్చలేదు. కంపెనీ ఎయిర్ బాక్స్ (ఫిల్టర్ ఉండే మూసిన డబ్బా) తీసేసి, బయటికి తెరిచి ఉండే శంకువు ఆకారపు కోన్ ఫిల్టర్ కిట్ పెడితే 15 హార్స్‌పవర్ పెరుగుతుందంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు: మరేమీ మార్చని ఇంజిన్‌లో 15 రాదు. టర్బో లేని ఇంజిన్‌లో అయితే లెక్క సూటిగా ఉంటుంది. దారిలో అడ్డు ఎంత తగ్గితే సిలిండర్‌లోకి అంత గాలి ఎక్కువ వెళ్తుంది. టర్బో అంటే ఎగ్జాస్ట్ బలంతో తిరుగుతూ గాలిని నొక్కి పంపేది. అది ఉన్న ఇంజిన్‌లో, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌కు ఎంత ప్రెషర్ అందాలో ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) నిర్ణయిస్తుంది. అనుకున్న బూస్ట్ (బయటి గాలికి మించిన ప్రెషర్) రాగానే వేస్ట్‌గేట్ అనే వాల్వ్ తెరిచి, మిగతా ఎగ్జాస్ట్‌ను టర్బో తాకకుండా పక్కదారిన పంపేస్తుంది. ముందు దారిని మీరు ఎంత వెడల్పు చేసినా ఆ అంకె మారదు. మారేది, ఆ అంకెను అందుకోవడానికి టర్బో పడే శ్రమ.

మానిఫోల్డ్‌లో 200 కిలోపాస్కల్స్ కావాలనుకుందాం. అంటే సుమారు 1 బార్ బూస్ట్. టర్బో నోటి దగ్గర 100 ఉంటే అది గాలిని రెండింతలు నొక్కితే చాలు. ఫిల్టరూ పైపులూ కలిసి 5 మింగేస్తే అక్కడ 95 మిగులుతుంది, అప్పుడు 2.1 రెట్లు నొక్కాలి. బయట 30 డిగ్రీలు, టర్బోలో గాలిని నొక్కే కంప్రెసర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే, మొదటి సందర్భంలో టర్బో నుంచి వచ్చే గాలి 125 డిగ్రీల దగ్గర ఉంటుంది, రెండో సందర్భంలో 133. ఆ వేడిగాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటేసరికి ఈ 8 డిగ్రీల తేడా రెండు మూడుకు దిగిపోతుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. కవచం లేని కోన్ ఫిల్టర్ ఇంజిన్ బేలోని గాలినే పీలుస్తుంది. ఆ గాలి 50 డిగ్రీలుంటే, ఫిల్టర్ ఏమాత్రం అడ్డు లేకుండా ఉన్నా, టర్బో నుంచి 150 డిగ్రీలకు కాస్త పైనే వస్తుంది. ఇంటర్‌కూలర్ తర్వాత కూడా 6 నుంచి 8 డిగ్రీలు ఎక్కువ. గాలి పలచబడుతుంది, నాక్ (మిశ్రమం తనంతట తానే పేలడం) దగ్గరపడుతుంది, ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే క్షణాన్ని, వెనక్కి లాగుతుంది. అడ్డు తగ్గించి సంపాదించింది వేడికి సమర్పించుకున్నట్టే. వేగంగా పోతున్నప్పుడు బేలో వేడి తగ్గుతుంది కాబట్టి నష్టం కొంత తక్కువ. ట్రాఫిక్‌లో ఆగి ఆగి కదిలే కారులో ఇదే అసలు ముచ్చట.

మరి ఎక్కడా లాభం లేదా అంటే, ఉంది. రెడ్‌లైన్ (ఇంజిన్ తిరగగల గరిష్ఠ ఆర్‌పీఎం) దగ్గర కొన్ని చిన్న టర్బోలు ఆయాసపడతాయి. వేస్ట్‌గేట్ పూర్తిగా మూసుకున్నా బూస్ట్ అనుకున్న చోటికి చేరదు. ఆ చివరి వెయ్యి ఆర్‌పీఎంలో ఇన్‌టేక్‌లో తగ్గించిన ప్రతి అడ్డూ నేరుగా పనికొస్తుంది. అమ్మేవాళ్లు చూపించే డైనో (పవర్ కొలిచే యంత్రం) కాగితం సంగతి వేరు. బానెట్ తెరిచి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టి తీసిన కొలతలో కోన్ ఫిల్టర్‌కు దొరికేది చల్లగాలే. బానెట్ మూసి తీసిన కాగితం ఉంటే అడగండి.

ప్రశ్న: నా కారు కంపెనీ ఎయిర్ బాక్స్ నిజంగా అడ్డుపడుతోందా లేదా అన్నది కిట్ కొనకముందే తెలుసుకోవడం ఎలా?

జవాబు: దీనికి నీళ్లు పోసిన ఒక ప్లాస్టిక్ ట్యూబ్ చాలు. 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న, అవతలివైపు కనిపించే ట్యూబ్ నాలుగు మీటర్లు తీసుకోండి. ఒక చెక్క పట్టీ మీద, ఒక్కో కాలు మీటరు పొడవు వచ్చేలా యూ ఆకారంలో కట్టి, రంగు కలిపిన నీళ్లు సగం ఎత్తు వరకూ నింపండి. ఒక కొస గాలికి వదిలేయండి. మిగిలిన ట్యూబ్‌తో రెండో కొసను టర్బోకు సరిగ్గా ముందున్న పైపుకు కలపండి. పైపుకు చిన్న వ్యాక్యూమ్ నిపుల్ ఉంటే దానికే తగిలించవచ్చు. లేకపోతే పైపు విప్పి పక్కన పెట్టుకుని చిన్న రంధ్రం చేసి రబ్బరు గ్రోమెట్ పెట్టండి. పైపు కారుకు ఉండగానే డ్రిల్ చేస్తే ఆ పొట్టు టర్బోలోకే పోతుంది. ట్యూబ్ కొస పైపు లోపలి గోడతో సమంగా ఉండాలి. లోపలికి పొడుచుకు వస్తే గాలి దాన్ని కొట్టి తప్పు కొలత చూపిస్తుంది.

నీటి మట్టాల మధ్య 10 సెంటీమీటర్ల తేడా అంటే సుమారు 1 కిలోపాస్కల్. 5 కిలోపాస్కల్స్ నష్టముంటే తేడా 51 సెంటీమీటర్లు, ఒక్కో కాలులో పాతిక కదులుతుంది. నష్టం 10 దాటితే నీళ్లు పైకెక్కి ఇంజిన్‌లోకి పోగలవు. అందుకే పైపుకూ ట్యూబ్‌కూ మధ్య ఒక ఖాళీ సీసాను మూతకు రెండు ట్యూబ్‌లు బిగించి పెట్టండి. నీళ్లు వస్తే అందులో పడతాయి.

చెక్క పట్టీని కారు లోపల ఎలా నిలబెడుతున్నారన్నది ముఖ్యం. రెండు కాళ్లూ ఎడమా కుడీగా, కారుకు అడ్డంగా ఉండాలి. ఒకటి ముందు, ఒకటి వెనక ఉండేలా పెడితే కారు దూసుకుపోయినప్పుడు నీళ్లు వెనక్కి తోసుకుపోయి లేని నష్టం చూపిస్తాయి. మూడో గేర్‌లో 2500 ఆర్‌పీఎం నుంచి రెడ్‌లైన్ దాకా ఫుల్ థ్రాటిల్ ఇవ్వాలి. నడిపేవాళ్లు నీళ్లవైపు చూడకూడదు, పక్కన కూర్చున్నవాళ్లు ఫోన్‌లో వీడియో తీయాలి. దీనికి అందరూ తిరిగే రోడ్డు పనికిరాదు. డైనో దొరికితే అంతకన్నా మేలు లేదు.

రెడ్‌లైన్ దగ్గర 2 కిలోపాస్కల్స్ లోపు వస్తే కిట్ ఆలోచన మానేయండి. రెండుకూ అయిదుకూ మధ్య వస్తే కొత్త పేపర్ ఫిల్టర్ వేసి మళ్లీ కొలవండి. అయిదు దాటితే వెతకాల్సిందే, కానీ వెతకాల్సింది ఫిల్టర్‌లోనే కాదు. నిపుల్‌ను ఫిల్టర్ దాటాక ఒకసారి, ఫిల్టర్‌కు ముందు ఒకసారి పెట్టి కొలిస్తే ఏ ముక్క ఎంత తింటోందో విడివిడిగా తెలుస్తుంది. అసలు దొంగ చాలాసార్లు గ్రిల్ వెనక గాలి పీల్చే సన్నటి మూతి, అంటే స్నార్కెల్, లేదా టర్బో దగ్గర నొక్కుకుపోయిన వంపు. ఆ ఒక్క ముక్క మార్చి, బాక్స్‌ను అలాగే ఉంచడం మా దృష్టిలో అన్నిటికన్నా తెలివైన పని.

ట్యూన్ చేయించబోతున్నవాళ్లు (ఈసీయూ లెక్కలు మార్పించి పవర్ పెంచుకునేవాళ్లు) ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. అడ్డు వల్ల పోయే ప్రెషర్ గాలి ప్రవాహానికి వర్గంగా పెరుగుతుంది. గాలి 40 శాతం పెరిగితే నష్టం దాదాపు రెట్టింపు. ఇవాళ 3 చూపించే బాక్స్ ట్యూన్ తర్వాత 6 చూపిస్తుంది. కిట్ ఖర్చుకు అర్థం వచ్చేది అక్కడే.

ప్రశ్న: కిట్ బిగించిన మూడో రోజు చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. స్కానర్‌లో పి0171 (మిశ్రమం లీన్, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేదు) అని ఉంది. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌లో చేసే సవరణ శాతం) ప్లస్ 17. కొత్త పైపు లోపలి వ్యాసం 76 మిల్లీమీటర్లు, పాతది 70. కోడ్ చెరిపేస్తే మళ్లీ వస్తోంది.

జవాబు: కోడ్ చెరపడం ఆపండి. జబ్బు పేరు మీ ఉత్తరంలోనే ఉంది. గాలి లెక్క చెప్పే మాఫ్ సెన్సర్ పైపులో పోతున్న మొత్తం గాలిని కొలవదు, తన వేడి తీగను తాకి పోయే గాలి వేగాన్ని బట్టి మొత్తాన్ని అంచనా కడుతుంది. ఆ అంచనా 70 మిల్లీమీటర్ల పైపుకు కట్టింది. 76కు మారితే వైశాల్యం 18 శాతం పెరిగింది. అంతే గాలి ఇప్పుడు 15 శాతం నెమ్మదిగా పోతోంది, సెన్సర్ 15 శాతం తక్కువ చెబుతోంది. ఈసీయూ ఆ మేరకు పెట్రోల్ తక్కువ కొడుతుంది, ఆక్సిజన్ సెన్సర్ మిశ్రమం లీన్‌గా ఉందంటుంది, దాన్ని సరిదిద్దడానికి ప్లస్ 18 దరిదాపుల్లో ట్రిమ్ కావాలి. మీకు 17 వచ్చింది.

పెట్రోల్‌ను ట్రిమ్ సరిచేస్తోంది కదా, పోనీలే అనుకోవద్దు. ఇగ్నిషన్ టైమింగ్ కూడా ఆ తక్కువ అంకెతోనే నడుస్తుంది. లోడ్ తక్కువుందని నమ్మిన ఈసీయూ స్పార్క్‌ను ముందుకు జరుపుతుంది. టర్బో ఇంజిన్‌లో ఫుల్ బూస్ట్ మీద అది నాక్‌కు పిలుపు. పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగేది ఇలాంటి చోటే.

అయితే లీక్ లేదని ముందు తేల్చుకోండి. థ్రాటిల్ తర్వాత లీకైతే ట్రిమ్ ఐడిల్‌లో బాగా ఎక్కువగా ఉండి, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ తగ్గుతుంది. మాఫ్‌కూ టర్బోకూ మధ్య లీకైతే చిక్కు, అది పైపు సైజు తేడాలాగే అన్ని ఆర్‌పీఎంలలోనూ ఇంచుమించు ఒకేలా కనిపిస్తుంది. అందుకని పొగ పెట్టి పరీక్షించడం తప్పదు. లీక్ లేకపోతే పాత మాఫ్ గొట్టాన్నే కొత్త ఫిల్టర్‌కు కలిపే అడాప్టర్ వాడండి, లేదా ట్యూనర్ చేత మాఫ్ స్కేలింగ్ మార్పించండి. సెన్సర్ మీది బాణం గుర్తు టర్బో వైపుకే ఉండాలి. దానికి ముందున్న జాలీని తీసేయకండి. వంపు తిరిగి వచ్చే గాలిని అది సమంగా పంచుతుంది. వంపుకు ఆనుకుని సెన్సర్ పెట్టిన కిట్‌లలో వ్యాసం సరిపోయినా రీడింగ్ ఎగిరెగిరి పడుతుంది.

మాఫ్ లేకుండా, మానిఫోల్డ్‌లోని ప్రెషర్ కొలిచే మ్యాప్ సెన్సర్‌తో మాత్రమే గాలి లెక్క వేసే కార్లకు ఈ తలనొప్పి లేదు. ఫిల్టర్ దాటగానే పైపులోకి దిగిన సెన్సర్ ఏదీ కనిపించకపోతే మీది దాదాపుగా ఆ రకమే.

ప్రశ్న: నాది టర్బో డీజిల్. పెద్ద పైపు కిట్ పెట్టాక కోడ్ ఏమీ రాలేదు కానీ పికప్ తగ్గింది. డీజిల్‌కు గాలి ఎంతున్నా మంచిదే అంటారు కదా?

జవాబు: గాలి ఎక్కువే వెళ్తుండవచ్చు, ఈసీయూకు ఆ సంగతి తెలియడం లేదు. నల్లపొగ రాకుండా, ఉన్న గాలికి ఇంతే డీజిల్ అని ఈసీయూలో ఒక హద్దు ఉంటుంది. ఆ గాలి లెక్క మాఫ్‌దే. పెట్రోల్ కారులో తప్పు రీడింగ్ మిశ్రమాన్ని లీన్ చేస్తే, డీజిల్‌లో అదే తప్పు నేరుగా ఇంధనం కోస్తుంది. ఈజీఆర్ (కొంత ఎగ్జాస్ట్‌ను తిరిగి ఇన్‌టేక్‌లోకి పంపే వాల్వ్) కూడా ఆ అంకెను చూసే తెరుచుకుంటుంది కాబట్టి దాని లెక్కా తప్పుతుంది. పాత మాఫ్ గొట్టం తిరిగి పెట్టి చూడండి, పికప్ వెనక్కి వస్తే కారణం అదే.

ప్రశ్న: నూనె పూసే కాటన్ ఫిల్టర్ వాడుతున్నాను. మాఫ్ పాడవుతుందని భయపెడుతున్నారు.

జవాబు: పాడుచేసేది ఫిల్టర్ కాదు, నూనె వేసే తీరు. నూనె ఎక్కువైతే గాలితో కొట్టుకొచ్చి సెన్సర్ తీగ మీద పొరలా పేరుకుంటుంది. కడిగేటప్పుడు నీళ్లు లోపలి శుభ్రమైన వైపు నుంచి బయటికి, తక్కువ ధారతో పోయాలి. ఎదురు పోస్తే దుమ్ము బట్టలోకి ఇంకుతుంది. కంప్రెసర్ గాలి కొట్టకండి, కాటన్ చిరుగుతుంది. నీడలో పూర్తిగా ఆరాకే మడత మడతకూ ఒక సన్నటి చార చొప్పున నూనె వేసి, ఇరవై నిమిషాలు వదిలేయండి. రంగు అంటని చోటే మళ్లీ ఒక చుక్క. పట్టుకుంటే చేతికి జిడ్డు కారేంత ఉంటే అది ఎక్కువైనట్టే. సెన్సర్‌ను మాఫ్ క్లీనర్ స్ప్రేతోనే కడగండి. తీగను బడ్స్‌తో తుడవద్దు, కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టవద్దు.

ఫిల్టర్ దుమ్ము ఆపుతోందా అన్నది తెలియాలంటే, వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్ దాటాక ఉన్న పైపు లోపల తెల్లబట్టతో తుడవండి. బట్ట మీద ఇసుక రేణువులు గరగరలాడితే ఆ ఫిల్టర్‌ను, దాని అంచు సీల్‌ను నమ్మవద్దు. నిమిషానికి లక్షకు పైగా తిరిగే కంప్రెసర్ రెక్కలకు ఆ రేణువులు ఉప్పుకాగితంతో సమానం. దుమ్ము రోడ్ల మీద తిరిగే కారుకైతే మేం పేపర్ ఫిల్టర్‌కే ఓటేస్తాం.

ప్రశ్న: ఎయిర్ బాక్స్ అడుగున రంధ్రాలు చేసి, రెజొనేటర్ డబ్బా పీకేస్తే సరిపోదా?

జవాబు: రెజొనేటర్ గాలికి అడ్డు కాదు, పక్కన తగిలించిన ఖాళీ గది. దాని పని శబ్దాన్ని మింగడమే. తీస్తే మోత పెరుగుతుంది, పవర్ కాదు. రంధ్రాలు వేడిగాలికి తలుపులు. వద్దు.

ప్రశ్న: ఫిల్టర్‌ను బంపర్ కిందకు దించే పొడుగు పైపు కిట్ మంచిదేనా?

జవాబు: చల్లగాలి దొరుకుతుంది, నిజమే. కానీ నిలిచిన నీటిలో ఫిల్టర్ మునిగితే ఇంజిన్ నీళ్లే పీలుస్తుంది. నీరు నొక్కుకుపోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. వానాకాలం ముందు కంపెనీ స్నార్కెల్ తిరిగి పెట్టుకునే ఓపిక ఉంటేనే కొనండి.

ప్రశ్న: కిట్ బిగించాక రెండు గొట్టాలు మిగిలాయి. ఒకటి వాల్వ్ కవర్ నుంచి ఇంజిన్ లోపలి వాయువులను తెచ్చే బ్రీదర్, ఒకటి యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్ట్ గాలిని టర్బో ముందుకు తిప్పి పంపే డైవర్టర్ వాల్వ్‌ది. మెకానిక్ బ్రీదర్‌కు చిన్న ఫిల్టర్ పెట్టి, రెండోదాన్ని అలాగే వదిలేశాడు. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ‘ఫుస్’ అని చప్పుడు, వెంటనే ఒక కుదుపు.

జవాబు: రెండూ తప్పే. డైవర్టర్ వదిలే గాలి మాఫ్ దగ్గర అప్పటికే లెక్కలో పడింది. దాన్ని బయటికి వదిలేస్తే, లేని గాలికి పెట్రోల్ పడి మిశ్రమం ఒక క్షణం రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అవుతుంది. మీ కుదుపు అదే. అంతకన్నా ప్రమాదం, ఆ గొట్టం ఊడిన చోట ఇన్‌టేక్ పైపుకు నిపుల్ తెరిచే ఉంటే ఫిల్టర్ తాకని గాలి నేరుగా టర్బోలోకి పోతోంది. ఇవాళే మూయండి.

బూస్ట్ మీద ఉన్నప్పుడు మానిఫోల్డ్‌లో వ్యాక్యూమ్ ఉండదు. పిస్టన్ రింగులు దాటి క్రాంక్‌కేసులోకి జారే వాయువులను అప్పుడు లాగేది టర్బో ముందున్న ఆ కాస్త పీల్పే. చిన్న ఫిల్టర్‌తో ఆ లాగుడు పోతుంది. ఫిల్టర్ నూనెతో తడిసి మూసుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి పెరిగి, టర్బో నుంచి నూనె కిందికి దిగదు. సీళ్లు దాటి నీలిపొగ మొదలవుతుంది.

రెండు గొట్టాలకూ సరిపోయే నిపుళ్లున్న పైపు తెప్పించండి. టర్బో నోటికి తగిలించే సిలికాన్ గొట్టం లోపల తీగ చుట్టిన రకమై ఉండాలి. పలచటిదైతే ఫుల్ థ్రాటిల్‌లో లోపలికి ముడుచుకుపోతుంది. ఇంజిన్ ఊగుతుంది కాబట్టి దారిలో ఒక మెత్తటి బెల్లోస్ (ముడతల గొట్టం) ముక్క తప్పనిసరి. అన్నీ బిగించే ముందు పైపులన్నిటి లోపలా టార్చ్ వేసి చూడండి, పాత స్పాంజి ముక్క, మరిచిపోయిన స్క్రూ ఏదీ ఉండకూడదు. రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్లిప్పులన్నీ మళ్లీ ఒకసారి బిగించండి. సిలికాన్ వేడికి సర్దుకుని వదులవుతుంది.