కన్నతల్లి మురిపెం దాచుకోవలసిందేనా?

ఈ నెల మాకు అందిన ఉత్తరాల్లో గోదావరి జిల్లాల తల్లులు రాసినవి మూడు ఉన్నాయి. ఒకరి సంగతి ఒకరికి తెలియకపోయినా ముగ్గురూ ఒకే బాధను మూడు రకాలుగా చెప్పుకున్నారు కాబట్టి, వాటిని ఒకచోట చేర్చి సమాధానాలు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది ముమ్మిడివరం వైపు ఒక లంక గ్రామం. అమ్మాయి ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం, అబ్బాయి తొమ్మిదో తరగతి చదువుతున్నారు. కిందటేడు వరద వచ్చి ఊరు ఖాళీ చేయమన్న రాత్రి, మా అమ్మాయి వాళ్ల మామ్మ మందుల సంచీని, తమ్ముడి పుస్తకాలను పాలిథిన్ పట్టాలో చుట్టి నెత్తిన పెట్టుకుని, మోకాలి లోతు నీళ్లలో పడవ దాకా నడిచింది. ఆ పని నేను చెప్పలేదు, తనకై తనే చేసింది. అబ్బాయి ఈ ఏడాదిలోనే నన్ను దాటి ఎదిగాడు. అటక మీది ఆవకాయ జాడీని స్టూలు వేసుకోకుండా దించి ఇస్తున్నాడు. వాళ్లిద్దరినీ చూస్తుంటే నాకు కళ్లు నిండిపోతాయి. మా అత్తగారేమో కన్నతల్లి దిష్టే ముందు తగులుతుందనీ, పిల్లలు అన్నం తినేటప్పుడు తేరిపార చూడవద్దనీ అంటారు. మావారు సుమతీ శతకంలోని పుత్రోత్సాహం పద్యం చెప్పి, ముందు జనం మెచ్చుకోనీ, తరువాత మనం మెచ్చుకుందాం అంటారు. ఈ మధ్య ఒక పెళ్లిలో చుట్టాలందరి ముందూ మా అబ్బాయి ఎంత బాగా పాడతాడో చెప్పి పాడమన్నాను. వాడు ముఖం ఎర్రగా చేసుకుని లేచి వెళ్లిపోయాడు. ఏటా ధనుర్మాసంలో గుళ్లో భజనకు ముందుండేవాడు, ఈ ఏడాది పోలేదు. ఇంట్లో మాటలు కూడా తగ్గించాడు. నిజంగా నా దిష్టే తగిలిందా? నా సంతోషాన్ని నేను లోపలే దాచుకోవాలా?

సమాధానం: అమ్మా, మీ మురిపెం వల్ల మీ అబ్బాయికి ఏ కీడూ జరగలేదు. ముందుగా ఆ భయాన్ని మనసులోనుంచి తీసివేయండి. వాడు పాట మానడానికి, మాట తగ్గించడానికి కారణం మీ ఉత్తరంలోనే ఉన్నది. ఒక్క ఏడాదిలో తల్లిని దాటి ఎదిగిన పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఆ ఏడాదిలోనే గొంతు కూడా మారుతుంది. స్వరపేటిక పెద్దదై, స్వరతంత్రులు పొడవుగా, మందంగా పెరుగుతాయి. అంతకుముందు అలవాటైన స్థాయిలో పాట ఎత్తుకుంటే గొంతు మధ్యలో జారిపోతుంది, లేదా కీచుమంటుంది. నిన్నటిదాకా భజనలో అందరికంటే ముందు గొంతెత్తిన వాడికి అంతకు మించిన అవమానం మరొకటి ఉండదు. ఎవరికీ చెప్పుకోలేడు, అందువల్ల మౌనంగా ఉంటాడు. అటువంటి సమయంలో పెళ్లివారందరి ముందూ పాడమంటే లేచి వెళ్లక ఏం చేస్తాడు? కొన్ని నెలల్లో, కొందరికి ఏడాది పైన, గొంతు కుదుటపడుతుంది. అప్పటిదాకా పాడమని అడగకండి, ఎందుకు పాడడం లేదని కూడా అడగకండి. వాడి గొంతు మారుతున్నదని, మగపిల్లలందరికీ ఇలాగే జరుగుతుందని వాళ్ల నాన్నగారి చేత ఏకాంతంగా ఒకసారి చెప్పించండి. ఆయన గొంతు మారిన రోజుల సంగతి చెబితే మరీ మంచిది. కొడుకు తండ్రి దగ్గర వినవలసిన మాటల్లో ఇది ఒకటి.

మీవారు చెప్పిన పద్యం మనమందరం బడిలో కంఠస్థం చేసినదే. కొడుకు పుట్టినప్పుడు కాదు, జనులు ఆ కొడుకును చూసి పొగిడిన రోజున తండ్రికి పుత్రోత్సాహం కలుగుతుందని అందులో ఉన్నది. నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు ఆ పద్యం చెప్పాను, అది మంచి పద్యం. అయితే అది తండ్రిని గురించి, కొడుకును గురించి చెప్పిన మాట. తల్లి సంతోషానికి జనుల సాక్ష్యం అక్కరలేదు, ఎందుకంటే జనులు చూడనిది ఆమె చూస్తుంది. వరద నీటిలో మీ అమ్మాయి నెత్తి మీద మూటతో నడిచిన సంగతిని ఏ జనులు చూశారు? ఏ బడి దానికి బహుమతి ఇస్తుంది? ఆ చీకటిలో అందరూ ఎవరి సామాను వారు చూసుకుంటుంటే, తన పుస్తకాల కంటే ముందు ముసలావిడ మందులూ తమ్ముడి పుస్తకాలూ గుర్తుకొచ్చిన పిల్ల అది. జనం మెచ్చేదాకా ఆగుదామంటే ఆ పనిని ఎవరూ ఎప్పటికీ మెచ్చుకోరు. చూసినవారు మీరొక్కరే కాబట్టి చెప్పవలసినవారు కూడా మీరే.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. ఆ సంగతి మాకు ఇంత చక్కగా రాశారు కదా, మీ అమ్మాయితో ఎప్పుడైనా చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. మన ఇళ్లలో తల్లి మెప్పు పొరుగింటికి వెళుతుంది, చుట్టాలకు చేరుతుంది, చివరికి పత్రికకు కూడా అందుతుంది, కన్నబిడ్డ చెవిన మాత్రం పడదు. పొగిడితే చెడిపోతారని మీవారు అనుకుంటే అందులోనూ కొంత నిజం ఉన్నది: మా అమ్మాయంత తెలివైనది జిల్లాలో లేదని నలుగురిలో చెబితే పిల్లకు బరువే మిగులుతుంది, రేపు తెలివి తక్కువ పని చేస్తే అమ్మ పరువు పోతుందేమోనని భయపడుతుంది. కానీ జడ వేస్తున్నప్పుడో, డాబా మీద వడియాలు తీస్తున్నప్పుడో, ఇద్దరే ఉన్న సమయం చూసి, ఆ రాత్రి నీకు మామ్మ మందులు ఎలా గుర్తొచ్చాయే, నాకే గుర్తు రాలేదు అని అనండి. అంతకుమించి ఒక్క మాట అక్కరలేదు. ఆ మాటను ఆ పిల్ల అత్తవారింటికి కూడా మోసుకుపోతుంది.

మీ అత్తగారి విషయంలో తొందరపడి ఏమీ అనకండి. నరుడి దృష్టికి నాపరాళ్లయినా పగులుతాయని విని పెరిగిన తరం వారిది. తట్టు వచ్చి, విరేచనాలు పట్టి చూస్తుండగానే బిడ్డలు దక్కకుండా పోయిన ఇళ్లను కళ్లారా చూసినవారు, ఎదుగుతున్న బిడ్డను ఎదుగుతున్నాడని పైకి అనడానికి భయపడతారు. ఈసారి ఆవిడ మనవడికి ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీసేటప్పుడు ఆవిడ ముఖం చూడండి. మనవడు అందనంత ఎత్తు ఎదిగాడు కాబట్టి, వాడిని పీట మీద కూర్చోమంటారు. మీరు మాటల్లో చెప్పుకోవాలనుకుంటున్న మురిపెమే ఆవిడ గుప్పిట్లో ఉన్నది. ఆ ఉప్పు తిప్పనివ్వండి. మీరు మాత్రం పిల్లలు అన్నం తింటుంటే కళ్లు తిప్పుకోవలసిన పని లేదు, హాయిగా చూసుకోండి.

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. మా అబ్బాయిని ఇంటర్మీడియెట్ కోసం విజయవాడలో ఒక కళాశాల హాస్టల్లో చేర్చాము. ఆదివారం పది నిమిషాలు ఫోను ఇస్తారు. ఆ పది నిమిషాల కోసం వారమంతా ఎదురు చూస్తాను, వాడేమో అలాగే, సరే అని ఊరుకుంటాడు. మార్కులు అడిగితే విసుక్కుంటాడు. సంక్రాంతికి వచ్చి పొద్దున్న పదింటిదాకా పడుకుంటే వాళ్ల నాన్నగారు కోప్పడ్డారు. ఊళ్లో అందరూ వాడికి పెద్ద ర్యాంకు వస్తుందని అంటుంటే గర్వంగా ఉన్నది, వాడు నాకు దూరమవుతున్నాడేమోనని దిగులుగానూ ఉన్నది.

సమాధానం: ఈ ప్రశ్నకు నా అనుభవం నుంచే చెప్పగలను. మా అబ్బాయి హాస్టల్లో ఉన్న రోజుల్లో ఇంట్లో ఫోను లేదు. పాలకొల్లులో ఒక ఎస్‌టీడీ బూత్‌కు వెళ్లి, గాజు తలుపు వేసుకుని, ఎదురుగా మీటరు మీద ఎర్ర అంకెలు గబగబా మారుతుంటే మాట్లాడేదాన్ని. ఆ కంగారులో మొదట మార్కులే అడిగేదాన్ని, అది పూర్తయ్యేసరికి డబ్బులు అయిపోయేవి. చాలా ఏళ్ల తరువాత వాడికి సొంత బిడ్డ పుట్టాక, ఒకరోజు మాటల మధ్యలో, ఆ రెండేళ్లలో నాకు నలభై రోజులు కామెర్లు ఉన్నాయి, నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు అన్నాడు. నిష్ఠూరంగా అనలేదు, మామూలుగా అన్నాడు. ఆ మాట నన్ను ఇప్పటికీ విడిచిపెట్టలేదు. నా గర్వమంతా వాడి మార్కుల మీద పెట్టుకుని, వాడి ఒంటిని చూసుకోలేకపోయాను.

అందువల్ల ఆదివారం ఆ పది నిమిషాల్లో మార్కుల ఊసు ఎత్తకండి. అవి ఎటూ కళాశాలవారే పంపిస్తారు. మన ఆవు ఈనిందని, కాలువ కట్టేశారని, వాడి సైకిలును చెల్లెలు తీసుకుపోయిందని ఇంటి కబుర్లు మీరే చెప్పండి. ప్రశ్నలు అడిగినప్పుడు మూసుకునే నోరు కబుర్లు విన్నప్పుడు తెరుచుకుంటుంది. మొదటి రెండు వారాలు ఏమీ మాట్లాడకపోయినా విసుగు చెందకండి. నిద్ర సంగతి వాళ్ల నాన్నగారికి మీరే చెప్పాలి: ఆ వయసు పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర అవసరం, పైగా యుక్తవయసులో నిద్ర వచ్చే వేళే వెనక్కు జరుగుతుంది. హాస్టల్లో తెల్లవారుజామున గంట కొట్టి లేపిన పిల్లవాడు ఇంటికి వచ్చి పడుకుంటే అది బద్ధకం కాదు. మీ ఇంట్లో తప్ప వాడు అంత నిర్భయంగా పడుకోగల చోటు ఈ రెండేళ్లలో మరొకటి లేదు. అందులోనే మీరు అడిగిన దూరం ప్రశ్నకు జవాబు ఉన్నది.

ప్రశ్న: రాజోలు ప్రాంతం మాది. మా అమ్మాయికి పన్నెండేళ్లు, అబ్బాయికి పదమూడు. ఈ ఏడాది అమ్మాయి అన్నను మించి ఎదిగింది. జూన్‌లో కుట్టించిన బడి లంగాకు రెండు మడతలు పెట్టిస్తే, దసరాకు ఒకటి, సంక్రాంతికి రెండోది విప్పేశాను. నాకు మాత్రం దాన్ని చూస్తే కొబ్బరి మొక్కను చూసినట్టు సంతోషంగా ఉంటుంది. మా ఆడపడుచు, ఇరుగుపొరుగు మాత్రం ఆడపిల్ల ఇంత ఎత్తయితే సంబంధాలు దొరకవని దాని ముందే అంటున్నారు. ఇప్పుడది వంగి నడుస్తున్నది. అబ్బాయేమో తాను ఎదగడం లేదని బెంగ పెట్టుకున్నాడు.

సమాధానం: ఇద్దరూ సక్రమంగానే ఎదుగుతున్నారు. ఆడపిల్లలకు ఒక్కసారిగా ఎత్తు పెరిగే కాలం మగపిల్లల కంటే సుమారు రెండేళ్లు ముందు వస్తుంది. అంతకుముందు ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరిగే పిల్ల, పన్నెండేళ్ల ప్రాంతంలో ఏడాదికి 8 సెంటీమీటర్ల దాకా పెరగవచ్చు. రజస్వల అయిన తరువాత ఆ వేగం తగ్గి, ఇంకొక 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరిగి చాలావరకు ఆగిపోతుంది. మగపిల్లలకు ఆ వేగం పద్నాలుగేళ్ల ప్రాంతంలో అందుకుంటుంది, అప్పుడు ఏడాదికి 9 సెంటీమీటర్లు, కొందరికి ఇంకా పైనే పెరుగుతారు. మీ అబ్బాయికి ఈ లెక్క చూపించి, చెల్లెలు ముందు బయలుదేరింది, నీ బండి ఇంకా రావాలి అని చెప్పండి.

ఈ వయసులో మీరు నిజంగా గమనించవలసింది ఎత్తును కాదు, రక్తాన్ని. కింది రెప్ప లాగి చూస్తే లోపల పాలిపోయి ఉందా, మెట్లెక్కితే ఆయాసపడుతున్నదా అన్నది చూడండి. బడిలో పది నుంచి పందొమ్మిదేళ్ల పిల్లలకు వారానికి ఒకటి చొప్పున ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. వికారంగా ఉందని చాలామంది పిల్లలు దాన్ని కిటికీలోంచి పారేయడం నేను చూశాను. పరగడుపున కాకుండా భోజనం చేశాక వేసుకుంటే ఆ బాధ ఉండదు. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్ర కూడా తప్పనివ్వకండి. ఇంట్లో మునగాకు పప్పు, నువ్వుల ఉండలు, చిన్న చేపల పులుసు ఇద్దరికీ సమానంగా వడ్డించండి. అబ్బాయికి రెండు ముక్కలు, అమ్మాయికి పులుసు అనే పద్ధతి మన వైపు ఇంకా పూర్తిగా పోలేదు. బడి భోజనంలో ఇచ్చే గుడ్డు, చిక్కీ తింటున్నారో లేదో కనుక్కోండి. అడిగినవారికి కాదనకుండా అన్నం పెట్టిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరును 2024లో ఆ భోజన పథకానికి పెట్టారు. ఆవిడ ఊరి పక్కన ఉన్న మీ పిల్లలు సగం కంచం వదిలి లేవకూడదు.

అమ్మాయి వంగి నడవడం గురించి నాకు బాధగా ఉన్నది. సంబంధాల మాట పన్నెండేళ్ల పిల్ల ముందు అనవద్దని మీ ఆడపడుచుకు నెమ్మదిగానే అయినా గట్టిగా చెప్పండి. మీరు చెప్పకపోతే, ఆవిడ అన్నది అమ్మకు కూడా సమ్మతమేనని పిల్ల అనుకుంటుంది. కొబ్బరి మొక్క మాట మాకు రాశారు, అదే మాట దానికి చెప్పండి. సంక్రాంతికి విప్పిన మడత చోట ఎండ తగలని గుడ్డ కొత్త రంగుతో ఒక పట్టీలా కనపడుతూ ఉంటుంది కదా, ఆ లంగాను దాని ముందు పరిచి, ఈ ఒక్క ఏడాదిలో నువ్వు ఎదిగింది ఇంత అని వేలితో కొలిచి చూపించండి. ఇక వచ్చే జూన్‌లో దర్జీ దగ్గరకు దాన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. నిటారుగా నిలబెట్టి కొలత తీయమనండి, మడత మరో రెండంగుళాలు ఎక్కువే పెట్టించండి.