గుర్రం ఎత్తు ఎక్కడి వరకు కొలుస్తారు? 14.2 అంటే ఎంత?

రాజాం నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. పెళ్ళి ఊరేగింపు బండికి గుర్రం కొందామనుకుంటున్నారట. అమ్మేవాడు "14.2 హ్యాండ్స్" అంటున్నాడట. అది తల వరకా, వీపు వరకా, మన లెక్కలో ఎంత అని వాళ్ళ సందేహం. మాది విజయనగరం. మా తాత స్టేషన్ నుంచి కోట, గంటస్తంభం వైపు జట్కా తోలేవాడు. నేను ఒక ఊరేగింపు బండి కొని, ఈ ఎత్తు దగ్గరే బోల్తా పడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కొలిచేది మూపు వరకు. తల లెక్కలోకి రాదు. మెడ వచ్చి వీపులో కలిసేచోట, జూలు అయిపోయిన దగ్గర చేత్తో తడిమితే గట్టిగా ఒక గుట్ట తగులుతుంది. ఇంగ్లీషులో దాన్ని విదర్స్ అంటారు. మన ఎద్దుల మూపురం కండ, కొవ్వు. గుర్రం మూపు అలా కాదు, వెన్నుపూసల నుంచి పైకి పొడుచుకొచ్చిన ఎముకల వరస. తల అయితే ఈల వేస్తే పైకి లేస్తుంది, గడ్డి చూపిస్తే కిందకి దిగుతుంది. మూపు అలా ఊగదు. అందుకే నేల నుంచి మూపు మీది ఎత్తైన చోటు వరకు, నిలువుగా కొలుస్తారు.

ఇక హ్యాండ్ అంటే నాలుగు అంగుళాలు, అంటే 10.16 సెంటీమీటర్లు. బొటనవేలు కూడా కలిపి అరచెయ్యి వెడల్పు అన్నమాట, మన బెత్తెడు కంటే కొంచెం ఎక్కువ. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కాలంలో చట్టం చేసి దీన్ని నాలుగు అంగుళాలకి కట్టేశారు. మొదట్లో మా ఇంట్లో "పదిహేను చేతుల గుర్రం కొంటున్నాను" అంటే మా అమ్మ చెయ్యంటే మూర అనుకుంది. పదిహేను మూరలంటే ఇరవై రెండున్నర అడుగులు! "ఎక్కడ కడతావురా దాన్ని, కోట బురుజుకేటి?" అంది.

అసలు తికమక ఆ చుక్క దగ్గరే. 14.2 అంటే పద్నాలుగు పాయింట్ రెండు కాదు, పద్నాలుగు హ్యాండ్ల మీద రెండు అంగుళాలు. క్రికెట్ ఓవర్లు గుర్తు తెచ్చుకోండి. 14.3 ఓవర్లంటే పద్నాలుగు ఓవర్లు, మూడు బంతులు. ఇక్కడ మాత్రం ఓవర్‌కి నాలుగే బంతులు. 14.1, 14.2, 14.3, ఆ తర్వాత 15. కాబట్టి మీ 14.2 ఎంతంటే 14 నాలుగులు 56, దానికి రెండు కలిపితే 58 అంగుళాలు, సుమారు 147 సెంటీమీటర్లు. అంటే నాలుగడుగుల పది అంగుళాలు. కాలిక్యులేటర్‌లో 14.2ని నాలుగుతో గుణిస్తే 56.8 వస్తుంది, అది తప్పు. ఎవరైనా "14.5 హ్యాండ్స్" అని మెసేజ్ పెడితే వాళ్ళకి ఈ కొలత తెలియదని అర్థం. అలాంటి ఎత్తు లేదు. పద్నాలుగున్నర అనాలంటే 14.2 అనే రాయాలి.

ఇప్పుడు నా కథ. ఊళ్ళోకి బేరానికి వచ్చిన ఒక ఆడగుర్రాన్ని చూశాను. తెలుపు మీద లేత గోధుమ మచ్చలు, ఫొటోలకి బాగుంటుంది. పదిహేను హ్యాండ్లు అన్నాడు అమ్మేవాడు. నా బండి ముందు కర్రలు కూడా అంత గుర్రానికే చేయించి ఉన్నాయి. అతను నా ఎదుటే కర్ర పెట్టి కొలిచి చూపించాడు, సరిగ్గా అరవై అంగుళాలు. నాకూ అనుమానం ఉంది కదా, టైలర్ టేప్ తీసి గిట్ట దగ్గర నుంచి కాలు వెంబడి, భుజం మీదుగా మూపు దాకా పట్టాను. దగ్గర దగ్గర అరవయ్యే వచ్చింది. ఇంకేం, డబ్బులిచ్చి తోలుకొచ్చేశాను.

మొదటి ఊరేగింపులోనే తెలిసిపోయింది. రెండు చక్రాల బండికి గుర్రం పొట్టిదైతే కర్రలు ముందుకి వాలతాయి, బరువంతా దాని వీపు మీద పడుతుంది. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ సీటులో నిలవలేక, కాళ్ళ దగ్గర పడిపోయిన రూపాయి కోసం వెతుకుతున్నట్టు ముందుకి వంగిపోయి కూర్చున్నారు. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి పెళ్ళికొడుకు తలపాగా జారి బ్యాండువాడి మీద పడింది. ఫొటోగ్రాఫర్‌కి నవ్వు ఆగలేదు, నాకు టెన్షన్ ఆగలేదు.

మర్నాడు ఇంటి దగ్గర మళ్ళీ టేప్ పట్టుకుని గుర్రం చుట్టూ తిరుగుతుంటే, మా వీధిలో ఒకప్పుడు జట్కా తోలిన ముసలాయన అరుగు మీంచి చూస్తున్నాడు. "ఏటి బాబూ, గుర్రానికి జాకెట్టు కుట్టిస్తావేటి?" అన్నాడు. విషయం చెప్పాను. లేచొచ్చి ముందు గుర్రాన్ని చూడలేదు, నేలని చూశాడు. "ఇక్కడ వాలు ఉంది, రోడ్డు మీదకి తే" అన్నాడు. తర్వాత ఒక వెదురు కర్ర, ఇంటి పని చేస్తున్న మేస్త్రీ దగ్గర రసమట్టం, ఒక మూరన్నర తిన్నని చెక్క తెప్పించాడు. చెక్కని మూపు మీద అడ్డంగా ఆనించి, దాని మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకి వచ్చేదాకా చెక్కని సర్దాడు. చెక్క కింది అంచు కర్రకి తగిలినచోట గోరుతో గీసి, అక్కడి నుంచి నేలకి స్టీలు టేపుతో కొలిపించాడు. 57 అంగుళాలు. అంటే 14.1. మూడు అంగుళాలు గాలిలో కొన్నానన్నమాట.

ఎక్కడ పోయాయంటే, అమ్మేవాడు గుర్రాన్ని గట్టు మీద నిలబెట్టి, కర్ర మొదలు పక్కనున్న కాలవ వైపు పల్లంలో పెట్టాడు. కర్ర కింద ఎంత పల్లం ఉంటే గుర్రం అంత పొడుగవుతుంది. ఇక నా టేప్ అయితే ఒంటిని అంటుకుని పోయింది. కాలి వంపులూ భుజం ఉబ్బూ కూడా ఎత్తులో కలిసిపోయాయి. అతని తప్పుకి నా తప్పు సాక్ష్యం చెప్పింది. టేప్‌తో ఒంటి మీద కొలిస్తే వచ్చేది ఎత్తు కాదు, గుడ్డ కొలత. ముసలాయన మాటే నిజం.

బండి పెట్టెని కిందకి దింపి కర్రలు సరిచేయడానికి వడ్రంగికి మళ్ళీ డబ్బులయ్యాయి. గుర్రం మాత్రం బంగారం, దాని తప్పేం లేదు.

కొలిచేటప్పుడు ఇంకొన్ని చూసుకోండి. గుర్రం నాలుగు కాళ్ళ మీదా సమంగా, ముందు కాళ్ళు రెండూ ఒకే వరసలో నిట్టనిలువుగా ఉండాలి. ఒక వెనక కాలు సడలించి నిలబడితే ఆగండి. తల మామూలుగా ఉండాలి, మేత మేస్తున్నప్పుడు వద్దు. కర్రని ముందు గిట్టల పక్కనే పెట్టాలి. గుర్రానికి మనలాగా మెడ కింద భుజాన్ని కలిపే ఎముక (కాలర్ బోన్) లేదు. ముందు కాళ్ళ మధ్య ఒళ్ళు కండరాల మీదే వేలాడుతూ ఉంటుంది. అందుకే బెదిరి బిగుసుకుంటే, నిదానంగా ఉంటే మూపు కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఓ పది నిమిషాలు దువ్వి, అలవాటు పడ్డాక రెండు మూడుసార్లు కొలవండి. లాడాలు ఉన్నాయా అని కూడా అడగండి. అంతర్జాతీయ పోటీల్లో "పోనీ" (పొట్టి గుర్రం) అనాలంటే లాడం లేకుండా 148 సెంటీమీటర్లు దాటకూడదు, లాడంతో 149 వరకు ఒప్పుకుంటారు. అంటే లాడానికి ఒక సెంటీమీటరు. గిట్టలు చాలాకాలం చెక్కకుండా వదిలేస్తే అవీ ఎత్తు పెంచుతాయి. బేరానికి వచ్చే గుర్రాల్లో ఇది మామూలే.

మామూలు వాడుకలో 14.2 వరకు పోనీ, అది దాటితే గుర్రం. మా పాతవాళ్ళు పొట్టివాటిని తట్టువ అనేవాళ్ళు. కానీ పేర్లని నమ్మి కొనకండి. పోలో ఆడే గుర్రాలు ఎంత పొడుగున్నా పోనీలే అంటారు. మరీ చిన్న మినియేచర్ గుర్రాలకి అమెరికాలో ఒక సంఘం జూలులో చివరి వెంట్రుకల మొదలు వరకే కొలుస్తుంది, 34 అంగుళాలు మించకూడదంటుంది. ఇటు చివర 1846లో ఇంగ్లండులో పుట్టిన సామ్సన్ అనే షైర్ జాతి గుర్రం 21.2 హ్యాండ్ల మీద ఇంకో అర అంగుళం పెరిగింది, 2.19 మీటర్లు. మూపే మన ఇంటి గుమ్మం కంటే పైన ఉంటుంది!

మీ గుర్రం వయసు ఎంతో రాయలేదు. ఏడాదికే అది దాని ఎత్తులో దాదాపు తొంభై శాతం పెరిగిపోతుంది. కాబట్టి మూడేళ్ళ గుర్రాన్ని చూపించి "ఇంకా పెరుగుతుంది బాబూ" అంటే, పెరిగేది అంగుళం అటూ ఇటూ అనుకోండి. ఎదుగుతున్న పిల్లల్లో పిరుదు వైపు మూపు కంటే ఎత్తుగా కనిపిస్తుంది. దూరం నుంచి చూసి మోసపోకండి, మూపు మీదే చెయ్యి పెట్టి చూడండి. బండికే అయితే మీ బండి కర్రలు ఎంత ఎత్తుకి చేశారో ముందు కొలుచుకుని వెళ్ళండి. నేను చెయ్యనిది అదే.

ఆ వెదురు కర్ర ఇంకా మా ఇంట్లోనే ఉంది, 57 దగ్గర గోటి గీత కూడా ఉంది. విజయనగరం వస్తే పట్టుకెళ్ళండి. రసమట్టం మాత్రం మీరే తెచ్చుకోవాలి, అది మేస్త్రీ తీసుకెళ్ళిపోయాడు.