ఆర్‌సీ మీద పేరు మారేదాకా బండి నీదే

చి॥ల॥సౌ॥ లావణ్యకు,

బెంగళూరు విమానపుర నుంచి మామయ్య ఆశీస్సులు. కొత్త కారు కొనేముందు పాతది షోరూమ్‌కి ఇవ్వాలా, ఆన్‌లైన్ వాళ్ళకా, బయట మనిషికా అని అడిగావు కదా, నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన అంకెలన్నీ క్యాలెండర్ వెనక రాసుకున్నాను. నీ 2017 స్విఫ్ట్‌కి షోరూమ్ వాళ్ళు 3,60,000 ఇస్తామన్నారు, ఎక్స్‌ఛేంజ్ బోనస్ 25,000 అదనం. ఆన్‌లైన్ కంపెనీ కుర్రాడు ఇంటికొచ్చి చూసి 3,90,000 అన్నాడు. మీ పక్క బ్లాకు ఆయన ఇలాంటి బండినే 4,50,000కి పెట్టాడని అల్లుడు అంటున్నాడు. ఆ పక్క బ్లాకు ఆయన్ని ఒక మాట అడగమను, పెట్టి ఎన్నాళ్ళయిందీ అని. అడిగే ధర వేరు, అమ్ముడుపోయే ధర వేరు. నా అంచనాలో మీ బండి బయట 4,20,000 దగ్గర తెగుతుంది. ఇద్దరు ముగ్గురు వచ్చి చూసి పోయాక, నాలుగో మనిషి దగ్గర.

ముందు షోరూమ్ సంగతి చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది అక్కడే. మోసమంటే పెద్ద మాటేమో, మనమే తికమకపడతాం. వాళ్ళు కొత్త బండి ధర, పాత బండి ధర, బోనస్, ఇన్సూరెన్స్, యాక్సెసరీలు అన్నీ ఒకే కాగితం మీద వేసి అడుగున ఒక్క మొత్తం చూపిస్తారు. పాత బండికి పదివేలు పెంచితే నీకు సంతోషం. ఆ పదివేలూ కొత్త బండి డిస్కౌంట్‌లోంచి జారిపోయిన సంగతి నీ కంట పడదు. అందుకని మొదటిసారి వెళ్ళినప్పుడు పాత బండి ఊసే ఎత్తొద్దు. ఎక్స్‌ఛేంజ్ లేదని చెప్పి కొత్త బండి ఆన్‌రోడ్ ధర ఒక్కో పద్దు విడివిడిగా రాయించుకో. ఆ కాగితం ఇంటికి తెచ్చుకున్నాక, రెండోసారి వెళ్ళినప్పుడు పాత బండి మాట తీయి. అప్పుడు వాళ్ళు ఎక్కడ ఎంత కదిలించినా నీకు తెలిసిపోతుంది. ఇంకొకటి. కొన్ని కంపెనీల్లో పాత బండి బయట అమ్ముకున్నా, పేరు మారిన ఆర్‌సీ కాపీ తెచ్చి చూపిస్తే ఎక్స్‌ఛేంజ్ బోనస్ ఇస్తారు. సేల్స్ కుర్రాడు తనంతట తాను ఈ ముక్క చెప్పడు. నువ్వే అడుగు, ఇస్తామంటే మెయిల్‌లో రాయమను.

అలాగని డీలర్లు దోచేస్తున్నారని అల్లుడు ఆవేశపడనక్కర్లేదు. వాళ్ళు బండి కొని, గీతలు పోగొట్టి, టైర్లు మార్చి, యార్డులో నెలా రెండు నెలలు పెట్టుకోవాలి. పైగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న డీలరు పాత బండి మీద వచ్చే మార్జిన్‌కి 18 శాతం కట్టాలి, 2025 జనవరి నుంచి అన్ని రకాల కార్లకీ అదే రేటు. మామూలు మనిషి మామూలు మనిషికి సొంత బండి అమ్ముకుంటే ఆ పన్ను లేదు. నీకు కనపడే ముప్పై నలభై వేల తేడాలో కొంత ఇలా పోతుంది, మిగతాది నీ తలనొప్పి వాళ్ళు నెత్తిన వేసుకున్నందుకు. మీ ఆఫీసులో ఎవరో పోయినేడాది ఇదే బండిని అయిదు లక్షలకి అమ్మారన్నావు. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది. కొత్తవి తగ్గాక పాతవి పాత ధర దగ్గర ఎలా నిలుస్తాయి? ఆ అయిదు లక్షలు మర్చిపో.

ఇప్పుడు నా కథ. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2008లో నా మారుతి 800ని ఒక బ్రోకర్‌కి అమ్మాను. మంచివాడే, కాఫీ కూడా ఇప్పించాడు. బండి పేరు మార్చడానికి ఆర్‌టీఓకి ఇచ్చే ఫారం 29, ఫారం 30 ముందర పెట్టి, "సార్, ఇక్కడ, ఇక్కడ సంతకం పెట్టండి, కొనేవాళ్ళు దొరకగానే పేరు నేను నింపుకుంటాను" అన్నాడు. పెట్టేశాను. డబ్బు చేతికొచ్చింది, బండి గేటు దాటింది, నేను నిద్రపోయాను. 2010 వేసవిలో కోలారు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. నరసాపుర దగ్గర హైవే మీద ఒక స్కూటర్ మనిషిని నా బండి గుద్దింది, ఆయన కాలు విరిగింది. నా బండే! అప్పటికి అది మూడు చేతులు మారింది, ఆర్‌సీలో మాత్రం నా పేరే ఉంది. మూడో చేతి మనిషి ఇన్సూరెన్స్‌ని ప్రతి ఏడూ నా పేరు మీదే రెన్యువల్ చేయిస్తూ వచ్చాడు కాబట్టి డబ్బు నా జేబులోంచి పోలేదు. పదకొండు సార్లు మాత్రం తెల్లవారుజామున బస్సెక్కి కోలారు వెళ్ళొచ్చాను. హెచ్‌ఏఎల్‌లో సెలవు పెట్టిన ప్రతిసారీ మా ఫోర్‌మన్ మొహం చూడాలి నువ్వు.

ఆ తర్వాత 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇలాంటి కేసులోనే తేల్చి చెప్పింది. ఆర్‌టీఓ రికార్డులో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనర్, మధ్యలో ఎన్ని చేతులు మారినా పరిహారం బాధ్యత వాళ్ళదే అని. అందుకే షోరూమా, ఆన్‌లైనా, బయట మనిషా అని నువ్వు అడిగితే నేను ధర కంటే ముందు ఇది అడుగుతాను: పేరు మార్పు ఎవరు చేయిస్తారు, ఎన్నాళ్ళలో, నాకు రుజువు ఏమిస్తారు? దీనికి సూటిగా జవాబు చెప్పేవాళ్ళకి పదివేలు తక్కువైనా ఇచ్చేయి.

డీలర్‌కి ఇచ్చేటట్టయితే 2023 ఏప్రిల్ 1 నుంచి ఒక మంచి నిబంధన వచ్చింది. రవాణా శాఖ అనుమతి పత్రం ఉన్న డీలర్‌కి బండి అప్పగించినట్టు పోర్టల్‌లో నమోదు చేస్తే, అక్కడి నుంచి ఆ బండికి బాధ్యత డీలర్‌ది. ఆ పత్రం ఉందా అని అడుగు. నీళ్ళు నమిలితే లేచి వచ్చేయి.

బయట మనిషికి అమ్మితే పనంతా నీదే. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టావో నా మీద ఒట్టే. కొనేవాళ్ళ పేరు, అడ్రసు, ఛాసిస్ నంబరు, తేదీ అన్నీ నింపాకే పెన్ను తీయి. డెలివరీ నోట్‌లో తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాయించు. సిల్క్ బోర్డు దగ్గర కెమెరాకి దొరికిన సిగ్నల్ జంప్ నీదా కొన్నాయనదా అన్నది ఆ నిమిషమే తేలుస్తుంది. ఆధార్ కాపీ తీసుకో. అమ్మినట్టు 14 రోజుల్లోపు ఆర్‌టీఓకి తెలియజేయాల్సింది నువ్వే, చట్టంలో అలాగే ఉంది. మీది కేఏ 53 నంబరు కాబట్టి కె.ఆర్.పురం ఆఫీసు. లోన్ 2022లో తీరిపోయిందన్నావు సరే, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించారా? అప్పు తీరిందని బ్యాంకు ఇచ్చిన ఎన్‌ఓసీ, ఆర్‌సీలో బ్యాంకు పేరు తీయించే ఫారం 35 బీరువాలోనే ఉండిపోయి ఉంటాయి. చాలామంది ఇళ్ళలో జరిగేది అదే. అది తేలకుండా పేరు మారదు.

మీ నాన్న తన ఏపీ నంబరు బండి కూడా ఇక్కడే అమ్మిపెట్టమంటున్నారట కదా. వద్దని చెప్పు. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకుని, మళ్ళీ కర్ణాటక ట్యాక్స్ కట్టుకోవాలని తెలిసిన ఏ బెంగళూరు మనిషీ సరైన ధర ఇవ్వడు. అనంతపురంలో అమ్ముకోవడమే లాభం.

బండి చూడటానికి వచ్చేవాళ్ళ గురించి. పోయినసారి నా వ్యాగన్ఆర్‌ని చింతామణి నుంచి వచ్చిన టీచర్ దంపతులు కొన్నారు. ఆయన పొద్దున్నే ఏడింటికి వచ్చి ముందు బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు, ఇంజను చల్లగా ఉందా, నేను ముందే స్టార్ట్ చేసి వేడెక్కించి ఉంచానా అని. ఆవిడ ఇంకా గట్టిది. వెనక సీటు బెల్టుని చివరిదాకా లాగి, ఆ పట్టీ మీద బురద చార ఉందేమోనని కళ్ళజోడు పెట్టుకుని చూసింది. 2022 సెప్టెంబర్‌లో యమలూరు, బెళ్ళందూరు వైపు బేస్‌మెంట్లలో మునిగిన కార్లు ఎన్నో కదా, ఆ భయం. ఇలాంటివాళ్ళు వస్తే విసుక్కోకు, నిజంగా కొనేవాళ్ళు వీళ్ళే. ఫోన్‌లోనే "లాస్ట్ ఎంత?" అనేవాడికి టైమ్ ఇవ్వొద్దు. మీ బండి ఎడమ డోరుకి పెయింట్ వేయించిన సంగతి నువ్వే ముందు చెప్పేయి, బిల్లు చూపించు. ఇప్పుడు పెయింట్ మందం కొలిచే మీటరు అందరి దగ్గరా ఉంది, వాళ్ళు కనిపెడితే ఇంకేవో దాచావనుకుంటారు. టెస్ట్ డ్రైవ్‌కి పక్క సీట్లో అల్లుడు కూర్చోవాలి, లైసెన్స్ చూశాకే తాళం ఇవ్వాలి.

డబ్బు విషయంలో ఫోన్ స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, నీ బ్యాంకు ఖాతాలో పడిందని నువ్వు చూసుకోవాలి. ఆర్‌టీజీఎస్ ఇప్పుడు ఆదివారం కూడా నడుస్తుంది కాబట్టి "రేపు వేస్తాను" అన్న మాటకి అర్థం లేదు. రెండు లక్షలు, ఆ పైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం కుదరదు.

నో క్లెయిమ్ బోనస్ వదులుకోవద్దు. వరసగా అయిదేళ్ళు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 50 శాతం తగ్గుతుంది. అది బండిది కాదు, నీది. అమ్మాక ఇన్సూరెన్స్ వాళ్ళ దగ్గర రిటెన్షన్ లెటర్, అంటే ఆ బోనస్ నీకుందని చూపే కాగితం, తీసుకుంటే కొత్త బండికి పనికొస్తుంది. షోరూమ్‌లో ఇన్సూరెన్స్ కొటేషన్ అడిగినప్పుడు ఆ లెటర్ బల్ల మీద పెట్టు. ఫాస్టాగ్ మూయించు, లేకపోతే కొన్నాయన తిరుపతి వెళ్ళొస్తే టోల్ నువ్వు కడతావు.

నా మాట అడిగావు కాబట్టి చెబుతున్నా. పితృపక్షంలో ఎవరూ రారు, అది అయ్యాక ఆయుధపూజ లోపల రెండు వారాంతాలు బయట ప్రయత్నించండి, 4,35,000 అడిగి 4,15,000 దాకా దిగండి. అప్పటికీ కుదరకపోతే ఆన్‌లైన్ వాళ్ళకి ఇచ్చేయండి. డిసెంబర్ దాటనివ్వొద్దు, జనవరి ఒకటికి బండి వయసు ఒక ఏడు పెరిగిపోతుంది. నీకు ఏడో నెల వస్తే కె.ఆర్.పురం చుట్టూ తిరిగే ఓపిక ఎలాగూ ఉండదు.

అన్నట్టు, రెండో తాళంచెవి వెతికి పెట్టుకో. అది లేకపోతే ఎవరైనా కొన్ని వేలు కోసేస్తారు. మొన్న మీ ఇంటికొచ్చినప్పుడు ఫ్రిజ్ మీది పింగాణీ గిన్నెలో, పాత బ్యాటరీల కింద చూసినట్టు గుర్తు.

మీ మామయ్య